పొలిమేర దాటిన టముకు: పాత కంప్యూటర్ ఆటలకు వర్చువల్ లాన్

1999లో వచ్చిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’ ఆటలో మల్టీప్లేయర్ విభాగం తెరిస్తే, కనెక్షన్ రకాల జాబితాలో లాన్ అనే మాట ఇప్పటికీ కనిపిస్తుంది. ఒక గదిలో ఎనిమిది కంప్యూటర్లను ఒక స్విచ్‌కు కలిపితే చాలు, ఆట మొదలవుతుంది. ఏ సంస్థ సర్వరూ అక్కర్లేదు. నెట్ సెంటర్లలో, ఇంజినీరింగ్ హాస్టళ్లలో ఒక తరం కుర్రకారు రాత్రంతా మేలుకుని ఆడింది ఇలాగే. ఆ తరం ఇప్పుడు హైదరాబాద్‌లో ఒకరు, బెంగళూరులో ఒకరు, డల్లాస్‌లో ఒకరుగా చెదిరిపోయింది. ఆట అదే, ఆడేవాళ్లూ వాళ్లే. మధ్యలో ఉండాల్సిన స్విచ్ మాత్రం లేదు. లేని ఆ స్విచ్‌ను సాఫ్ట్‌వేర్‌తో కల్పించే పద్ధతి పేరే వర్చువల్ లాన్. దాని వెనుక ఉన్న నెట్‌వర్క్ శాస్త్రం ఆటలతో పనిలేని వారికి కూడా ఉపయోగపడేదే.

అంతర్జాలం ఉండగా ఈ స్విచ్ ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు ఆట తన తోటి కంప్యూటర్లను వెతుక్కునే తీరులో ఉంది.

టముకు ఎంత దూరం వినబడుతుంది?

పూర్వం ఊళ్లో ఏదైనా సంగతి అందరికీ తెలియాలంటే టముకు వేయించేవారు. ఎవరి ఇల్లు ఎక్కడో తెలియనక్కర్లేదు; వీధిలో చాటితే సంబంధం ఉన్నవాడు పలుకుతాడు. పాత లాన్ ఆటలు చేసేదీ ఇదే. ఆటలో చేరదలచిన కంప్యూటర్ 255.255.255.255 అనే ప్రత్యేక చిరునామాకు “ఇక్కడ ఎవరైనా ఆట నడుపుతున్నారా?” అని ఒక సందేశం పంపుతుంది. దీన్ని బ్రాడ్‌కాస్ట్ అంటారు. స్విచ్ దాన్ని తనకు కలిసిన కంప్యూటర్లన్నింటికీ అందిస్తుంది. ఆట నడుపుతున్న కంప్యూటర్ బదులిస్తుంది.

అయితే రౌటర్ ఈ చాటింపును పొలిమేర దాటనివ్వదు. అది లోపం కాదు, కావాలని పెట్టిన నియమం. దాటనిస్తే ప్రపంచంలో ప్రతి కంప్యూటర్ వేసే టముకు ప్రతి ఇంట్లోనూ మోగుతుంది. అందువల్ల హైదరాబాద్‌లో వేసిన కేక పక్క కాలనీకి కూడా వినబడదు.

అంతకంటే పాత ఆటలకు మరో చిక్కు ఉంది. 1993 నాటి ‘డూమ్’, 1995 నాటి ‘వార్‌క్రాఫ్ట్ 2’ లాన్‌లో మాట్లాడుకున్నది నోవెల్ సంస్థ తెచ్చిన ఐపీఎక్స్ భాషలో. అంతర్జాలానికి ఆ భాష రాదు. 1995లోనే వచ్చిన ‘కాలీ’ అనే సాఫ్ట్‌వేర్, ఐపీఎక్స్ ప్యాకెట్లను అంతర్జాల ప్యాకెట్లలో చుట్టి పంపి ఈ అడ్డంకిని దాటింది. వర్చువల్ లాన్ ఆలోచన కొత్తదేమీ కాదన్నమాట. విండోస్ విస్టా నుంచి మైక్రోసాఫ్ట్ ఐపీఎక్స్‌ను తీసేసింది. కాబట్టి ఆ ఆటలు ఇప్పుడు ఒకే గదిలో ఉన్న కంప్యూటర్ల మధ్య కూడా నేరుగా కలవవు. డాస్ ఆటలను నడిపించే ‘డాస్‌బాక్స్’లో ఐపీఎక్స్‌ను మోసుకెళ్లే సదుపాయం ఉండటం వల్లే అవి ఇంకా నడుస్తున్నాయి.

గేటు దగ్గర వాచ్‌మన్

టముకు సంగతి పక్కన పెట్టి, స్నేహితుడి ఐపీ చిరునామా నేరుగా టైపు చేస్తే? ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో ఆ వీలు ఉంది. కానీ ఆ చిరునామా నిజంగా ఎవరిది అన్నది చూడాలి.

ఐపీ నాలుగో వెర్షన్‌లో ఉన్న చిరునామాలు దాదాపు 430 కోట్లు. అవి చాలవు కాబట్టి, ఇంట్లోని పరికరాలన్నీ 192.168తో మొదలయ్యే లోపలి నంబర్లు వాడుకుంటూ, బయటికి ఒకే చిరునామాతో కనిపిస్తాయి. ఈ ఏర్పాటును న్యాట్ అంటారు. పెద్ద అపార్ట్‌మెంట్ గేటు దగ్గరి వాచ్‌మన్ లాంటిది ఇది. ఫ్లాట్ 402 వాళ్లు ఎవరికైనా కబురు పంపితే రిజిస్టర్‌లో రాసుకుంటాడు. దానికి జవాబు వస్తే లోపలికి పంపుతాడు. పిలవకుండా వచ్చినవాడిని గేటు దగ్గరే ఆపేస్తాడు. ఆటలో చేరడానికి వచ్చే స్నేహితుడు ఆ పిలవని చుట్టమే.

రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టి వాచ్‌మన్‌కు ముందే చెప్పి ఉంచవచ్చు. ఒకప్పుడు అందరూ చేసింది అదే. ఇప్పుడు చాలా మొబైల్ నెట్‌వర్కులు, కొన్ని బ్రాడ్‌బ్యాండ్ సంస్థలు ఒకే బయటి చిరునామాను ఎందరో వినియోగదారులకు కలిపి ఇస్తున్నాయి. అంటే అపార్ట్‌మెంట్ గేటుకు అవతల కాలనీకి ఇంకో గేటు, అక్కడ ఇంకో వాచ్‌మన్. అతను వినియోగదారుడి మాట వినడు. రౌటర్ సెట్టింగుల్లో బయటి చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య సంఖ్యతో మొదలైతే ఈ రెండో గేటు ఉన్నట్టే. 2012లో ఆ శ్రేణిని ప్రత్యేకంగా ఇందుకే కేటాయించారు.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2తో మరో పేచీ ఉంది. అది వాడే డైరెక్ట్‌ప్లే అనే పాత వ్యవస్థ, కంప్యూటర్ చిరునామాను సందేశం లోపల కూడా రాస్తుంది. వాచ్‌మన్ కవరు మీది చిరునామాను మార్చగలడు గానీ లోపలి ఉత్తరాన్ని చదవడు. ఉత్తరం అందుకున్నవాడు అందులో “ఫ్లాట్ 402కి జవాబివ్వండి” అని చూస్తాడు. ఏ ఊళ్లో, ఏ వీధిలో 402? పైగా ఈ ఆటలో ప్రతి కంప్యూటర్ మిగతా ప్రతి కంప్యూటర్‌తోనూ మాట్లాడాలి. ఎనిమిది మంది ఆడితే 28 జతలు. ఒక్కరి రౌటర్ సరిచేస్తే సరిపోదు.

కవరులో కవరు

హమాచీ, జీరోటైర్ వంటి సాధనాలు కంప్యూటర్‌లో లేని ఒక నెట్‌వర్క్ కార్డును ఉన్నట్టు చూపిస్తాయి. ఆట దాన్ని నిజమైనదనుకుని టముకు వేస్తుంది. ఆ సందేశం తీగలోకి వెళ్లదు, సాఫ్ట్‌వేర్ చేతికి వస్తుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని గూఢలిపిలోకి మార్చి, మామూలు అంతర్జాల కవరులో పెట్టి, గుంపులోని ప్రతి కంప్యూటర్‌కూ ఒక్కో ప్రతి పంపుతుంది. అవతల కవరు విప్పి ఆటకు అందిస్తుంది. లోపలి ఉత్తరాన్ని దారిలో ఎవరూ ముట్టుకోరు కాబట్టి అందులోని చిరునామా కూడా చెల్లుతుంది.

మరి వాచ్‌మన్? ఇక్కడి కిటుకు ముచ్చటైనది. ఇద్దరు స్నేహితులూ ముందుగా ఒక మధ్యవర్తి సర్వర్‌తో మాట్లాడతారు. అది ఒకరి బయటి చిరునామాను మరొకరికి చెబుతుంది. వెంటనే ఇద్దరూ దాదాపు ఒకేసారి ఒకరికొకరు కబురు పంపుతారు. ఇద్దరి రిజిస్టర్లలోనూ “మావాళ్లే పిలిచారు” అని నమోదవుతుంది, రెండు గేట్లూ తెరుచుకుంటాయి. దీన్ని హోల్ పంచింగ్ అంటారు. కొన్ని న్యాట్‌లు దీనికి లొంగవు. అప్పుడు ప్యాకెట్లన్నీ రిలే సర్వర్ ద్వారా తిరగాలి. ఆ సర్వర్ సింగపూర్‌లో ఉంటే, హైదరాబాద్ నుంచి విజయవాడకు వెళ్లాల్సిన ఆజ్ఞ సముద్రం దాటి తిరిగొస్తుంది.

అన్ని సాధనాలూ టముకును మోయవని గమనించాలి. జీరోటైర్ ఈథర్‌నెట్ స్థాయిలో పనిచేస్తుంది, చాటింపు కూడా వెళ్తుంది. వైర్‌గార్డ్ మీద నిర్మించిన టెయిల్‌స్కేల్ ఐపీ స్థాయిలో పనిచేస్తుంది, చాటింపు వెళ్లదు. ఐపీ టైపు చేసే వీలున్న ఆటలకే అది పనికొస్తుంది.

హమాచీ చిరునామాల కథ కొంచెం వినోదమే. అప్పట్లో ఎవరికీ కేటాయించలేదు కదా అని అది 5తో మొదలయ్యే చిరునామాలను వాడుకుంది. 2010లో ఆ శ్రేణిని యూరప్‌కు కేటాయించారు. దాంతో 2012లో 25తో మొదలయ్యే శ్రేణికి మారింది. అది బ్రిటన్ రక్షణ శాఖది!

డల్లాస్ దూరం

దారి దొరికినా దూరం తగ్గదు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. హైదరాబాద్ నుంచి డల్లాస్ దాదాపు 14 వేల కిలోమీటర్లు. తీగ తిన్నగా వేసినా పోయి రావడానికి 140 మిల్లీసెకన్లు. కేబుళ్లు చుట్టు తిరుగుతాయి కాబట్టి వాస్తవంలో 200 దాటుతుంది. దీన్ని ఏ సాఫ్ట్‌వేరూ తగ్గించలేదు. తుపాకీ ఆటల్లో ఇంత ఆలస్యం భరించడం కష్టం. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ మాత్రం తట్టుకుంటుంది.

కారణం దాని నిర్మాణంలో ఉంది. ఈ ఆటల తొలి భాగాన్ని సెకనుకు 28.8 కిలోబిట్ల మోడెమ్‌ల మీద ఎనిమిది మంది ఆడగలగాలన్నది లక్ష్యం. వందలాది సైనికుల స్థానాలను పంపడానికి అది చాలదు. అందుకే నిర్మాతలు ఆటగాడి ఆజ్ఞలను మాత్రమే పంపారు. ప్రతి కంప్యూటరూ మొత్తం యుద్ధాన్ని తనంతట తాను లెక్కగడుతుంది. ఇప్పుడిచ్చిన ఆజ్ఞ రెండు విడతల తర్వాత, అందరి దగ్గరా ఒకే విడతలో అమలవుతుంది. ఆలోగా అది అందరికీ చేరితే చాలు. ఆటను రూపొందించిన పాల్ బెట్నర్, మార్క్ టెరానో 2001లో రాసిన వ్యాసం ప్రకారం, 250 మిల్లీసెకన్ల ఆలస్యాన్ని ఆటగాళ్లు గమనించనే లేదు. 500 వరకు హాయిగా ఆడారు. ఆలస్యం ఎంత అన్నదానికంటే అది ఒకే తీరుగా ఉండటమే వారికి ముఖ్యమైంది.

ఈ పద్ధతికి ఒక బలహీనత ఉంది. ఒక కంప్యూటర్ లెక్కలో ఒక్క జింక అటుగా కాక ఇటుగా కదిలినా, కొన్ని నిమిషాలకు రెండు యుద్ధాలు వేర్వేరైపోతాయి. ‘అవుట్ ఆఫ్ సింక్’ అని ఆట ఆగిపోతుంది. అందరి దగ్గరా ఒకే వెర్షన్ ఉండాలనడం అందుకే.

అన్నీ సరిగ్గా ఉన్నా స్నేహితుడి ఆట జాబితాలో కనిపించకపోతే, తప్పు తరచుగా విండోస్‌ది. పాత ఆట వేసే టముకు ప్రాధాన్యం ఎక్కువున్న ఒక్క నెట్‌వర్క్ కార్డు నుంచే బయటికి పోతుంది. సాధారణంగా అది వైఫై. వర్చువల్ అడాప్టర్ ‘మెట్రిక్’ విలువను అన్నిటికంటే తగ్గిస్తే దానికి ముందు వరుస దొరుకుతుంది. విండోస్ 10లో డైరెక్ట్‌ప్లేను లెగసీ కాంపొనెంట్స్ కింద విడిగా ఆన్ చేయాలి. ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపేయమనే సలహా ఎక్కడైనా కనిపిస్తే వినకూడదు. ఆ ఆట ఒక్కదానికే అనుమతి ఇస్తే చాలు.

ఎవరిని లోపలికి రానిస్తున్నారు?

ఇంత శ్రమ ఎందుకంటే, సంస్థల సర్వర్లు శాశ్వతం కావు. వందలాది ఆటలకు ఆధారమైన గేమ్‌స్పై సేవ 2014 మే 31న ఆగిపోయింది. లాన్ సదుపాయం ఉన్న ఆటలకు వేరే దారి మిగిలింది. లేనివాటికి అభిమానులు సర్వర్లను మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. 2010లో వచ్చిన ‘స్టార్‌క్రాఫ్ట్ 2’లో లాన్ సదుపాయమే పెట్టలేదు. అలాంటి ఆటకు వర్చువల్ లాన్ చేయగల సాయం ఏమీ లేదు.

కానీ వర్చువల్ లాన్‌లో చేర్చుకోవడం అంటే ఆ వ్యక్తి కంప్యూటర్‌ను ఇంటి గేటు దాటించి వసారాలో కూర్చోబెట్టడమే. షేర్ చేసిన ఫోల్డర్లు అతనికి కనిపించవచ్చు. అతని కంప్యూటర్‌లో పురుగు ఉంటే దానికీ దారి దొరుకుతుంది. 2017లో వన్నాక్రై వ్యాపించింది విండోస్ ఫైల్ షేరింగ్‌లోని లోపం ద్వారానే. పాత ఆటలకు భద్రతా సవరణలు రావు. 2009 నాటి ‘కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్ 2’ ఆటగాళ్ల మధ్య 2023లో ఒక హానికర ప్రోగ్రామ్ ఆట ద్వారానే పాకడంతో, ఆ ఆటను కొంతకాలం ఆపాల్సి వచ్చింది. సంకేతపదం లేకుండా ఎవరైనా చేరగల గుంపుల జోలికి పోకపోవడం, జీరోటైర్‌లో ప్రతి సభ్యుడినీ విడిగా ఆమోదించే పద్ధతినే వాడటం, విండోస్ అడిగినప్పుడు ఆ నెట్‌వర్క్‌ను ‘పబ్లిక్’గా గుర్తించి ఆటకు మాత్రం ఫైర్‌వాల్‌లో విడిగా అనుమతి ఇవ్వడం మేలు. ఆట ముగిశాక వర్చువల్ అడాప్టర్‌ను ఆపేస్తే, మళ్లీ వారం దాకా ఆ గేటు మూసే ఉంటుంది.