బిడ్డను ఎత్తుకుంటే మణికట్టు నొప్పి

ప్రశ్న: మా బాబుకు నాలుగో నెల. ఎత్తుకున్నప్పుడల్లా కుడి బొటనవేలి మొదట్లో సూది గుచ్చినట్టుంటోంది, మోచేతి దాకా లాగుతోంది. నూనెతో మర్దన చేసినా తగ్గలేదు. – ఒక సోదరి, తాండూరు

జవాబు: అమ్మా, ఇది బాలింతల్లో తరచూ కనిపించే నొప్పే. బొటనవేలిని కదిలించే రెండు నరాల్లాంటి తాళ్లు మణికట్టు దగ్గర ఇరుకైన గొట్టంలోంచి వెళ్తాయి. చంకల కింద చేతులు వేసి, బొటనవేళ్లు చాచి రోజంతా బిడ్డను లేపుతుంటే అవి ఒరుసుకుని వాస్తాయి. స్విట్జర్లాండ్ వైద్యుడు డి కెర్వైన్ 1895లోనే దీన్ని వివరించారు.

ఎత్తే తీరు మార్చండి. ఒక అరచెయ్యి పిరుదుల కింద, మరొకటి మెడ, వీపు కింద పెట్టి, బొటనవేళ్లు మిగతా వేళ్లతో కలిపి ఉంచి, దగ్గరకు తీసుకుని లేపండి. పాలిచ్చేటప్పుడు బరువు దిండు మీద ఉండాలి. నేల బండలపై అరచెయ్యి ఆనించి లేవకండి. పొత్తిగుడ్డలు పిండే పని కొన్నాళ్లు ఇంట్లోవాళ్లకు అప్పగించండి. ఇది అడగడానికి మొహమాటపడొద్దు. గట్టి మర్దన వాపును పెంచుతుంది, మానేయండి. గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టండి. బొటనవేలిని కూడా పట్టి ఉంచే పట్టీ మూడు నాలుగు వారాలు వాడండి.

పాలిస్తున్నారు కాబట్టి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోకండి. నెలలో తగ్గకపోతే తాండూరు జిల్లా ఆసుపత్రిలో ఎముకల డాక్టరుకు చూపించండి. చాలామందికి ఒక ఇంజెక్షన్‌తోనే తగ్గుతుంది. వేళ్లు తిమ్మిరెక్కినా, మణికట్టు ఎర్రబడి జ్వరం వచ్చినా ఆ రోజే వెళ్లండి.