ఎండాకాలంలో నాటుకోడి పొదుగు

ప్రశ్న: ఏప్రిల్‌లో పొదిగేసిన 15 గుడ్లలో సగానికి పైగా మురిగిపోయాయి. కోడి సరిగ్గానే కూర్చుంది. లోపం ఎక్కడ? – ఒక పాఠకురాలు, అనంతపురం జిల్లా

జవాబు: చాలావరకు లోపం కోడిది కాదు, గుడ్లు దాచిన చోటుది. వేడి 21 డిగ్రీలు దాటితే గుడ్డులో పిండం నెమ్మదిగా ఎదగడం మొదలుపెడుతుంది. అనంతపురంలో ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో రేకుల ఇంట్లో వారం ఉంచిన గుడ్డు, కోడి కిందికి చేరకముందే చెడుతుంది.

వేసవిలో మూడు నాలుగు రోజుల్లోపు పెట్టిన గుడ్లే తీసుకోవాలి. వాటిని దాచడానికి, తడి ఇసుక నింపిన వెడల్పాటి మట్టిపాత్రలో గోనెపట్టా పరిచి, దానిమీద సన్నకొన కిందికి ఉండేలా అమర్చాలి. నాటుకోడి కిందికి 10–12 చాలు. 15 పెడితే అంచు గుడ్లకు వెచ్చదనం అందదు.

ఏడో రోజు రాత్రి చీకటిగదిలో గుడ్డును సెల్‌ఫోన్ లైటుకు ఆనించి చూడాలి. లోపల ఎర్రటి నరాలు సాలెగూడులా పరుచుకుంటే పిల్ల ఎదుగుతున్నట్టు. ఏమీ లేకుండా తేటగా ఉంటే తీసేయాలి.

21వ రోజుకు పిల్లలు వస్తాయి. నాటుకోడైతే వాటిని తానే వెచ్చగా చూసుకుంటుంది. కానీ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోళ్లు సాధారణంగా పొదుగుకు కూర్చోవు. అందుకే తల్లి లేకుండా పెరిగే వాటి పిల్లలకు తొలివారం బల్బుతో 35 డిగ్రీల వెచ్చదనం ఇవ్వాలి. బల్బు కింద గుంపుకడితే చలి, దూరంగా జరిగి నోరు తెరిస్తే వేడి.

పిల్లల కింద పరిచే వేరుశనగ పొట్టుకు బూజు ఉండకూడదు. పిల్లలకు 5–7 రోజుల వయసులో కొక్కెర తెగులు రాకుండా లసోటా టీకా చుక్క కంట్లో వేయించాలి.