పాత బండికి కొత్త పూత

సంస్కృతంలోని 'రంగ' శబ్దమే తెలుగులో 'రంగు'గా స్థిరపడింది. రంజింపజేసేది రంగు అని దాని భావం. అయితే ఇనుప వస్తువు మీది రంగుకు కంటిని రంజింపజేయడం రెండవ పని మాత్రమే. ఇనుమును గాలినుండి, తేమనుండి కాపాడడం మొదటి పని. పదిహేనేళ్లు ఎండకు ఎండి, వానకు తడిసిన మోటారు సైకిలును చూస్తే ఈ సంగతి బోధపడుతుంది. పెట్రోలు ట్యాంకుపై ఎండ నేరుగా పడేచోట రంగు వెలిసిపోతుంది. నడిపేవారి మోకాళ్లు ఒరుసుకొనే ఇరుపక్కలా మెరుగు తగ్గి అడుగుపొర బయటపడుతుంది. మడ్‌గార్డు అంచున తుప్పు తలయెత్తుతుంది. ఈ తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటును ఆక్రమిస్తుంది. అందువల్ల పక్కనున్న మంచి రంగును కూడా పైకి లేపి, దాని కిందుగా పాకుతుంది. పైకి కందిగింజంత కనిపించే మచ్చ లోపల రూపాయి బిళ్లంత ఉండడం కద్దు.

ఇటువంటి బండికి ఇంటిలోనే రంగు వేసుకోవడమా, పనివానికి అప్పగించడమా అన్న ప్రశ్నకు ముందు మరొక ప్రశ్న ఉంది. అసలు కొత్త రంగు అవసరమా? కర్మాగారంలో వేసే పూత ఒకే పొర కాదు. శుభ్రపరచిన లోహంపై ప్రైమరు, దానిపై రంగు, అన్నిటికీ పైన క్లియర్ కోటు అనే పారదర్శకమైన పొర ఉంటాయి. అన్నీ కలిసి తల వెంట్రుక మందానికి కొంచెం అటూ ఇటూ. చాలా బండ్లలో మాసిపోయేది పైపొర మాత్రమే. రబ్బింగ్ కాంపౌండుతో మెత్తని గుడ్డపెట్టి ఓపికగా రుద్దితే పాత కాంతి తిరిగివస్తుంది. గంటసేపటి శ్రమతో తీరే పనికి వేల రూపాయలు వెచ్చించడం తగదు.

లోహమే బయటపడితే మాత్రం రంగు తప్పదు. ఆ పనిలో తొంబది పాళ్లు రంగు డబ్బా మూత తెరవకముందే జరుగుతుంది. ఈ మాట కొత్తది కాదు. 12వ శతాబ్దంలో చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు కూర్చిన 'మానసోల్లాసం'లో చిత్రలేఖన ప్రకరణం ఉంది. అందులో గోడను నునుపు చేయడం, ఎనుబోతు చర్మాన్ని ఉడికించి తీసిన వజ్రలేపాన్ని తెల్లమట్టితో కలిపి పూయడం వంటి ముందుపనులు వివరంగా కనిపిస్తాయి. ఆనాటి గోడకు వజ్రలేపం ఎటువంటిదో నేటి ఇనుముకు ప్రైమరు అటువంటిది. ముందుగా జిడ్డు, మైనం పోయేటట్లు కడగాలి. తుప్పును తెల్లని లోహం కనిపించేవరకు గీకాలి. 320, 400 నంబరు ఎమరీ కాగితాలతో అంచులను చేతికి తెలియకుండా కలపాలి. ప్రైమరు ఆరిన తరువాత 600 నంబరు కాగితాన్ని నీటితో తడిపి మళ్లీ రుద్దాలి. కన్ను మోసపోయినా వేలికొస మోసపోదు. అనుభవజ్ఞులు కళ్లు మూసుకొని తడిమి చూసేది అందుకే.

పక్క మూతలు, మడ్‌గార్డులు, సామాను కట్టుకొనే కడ్డీలు వంటివి ఇంటివద్ద చేసుకోదగినవి. డబ్బాలో వచ్చే స్ప్రే రంగును జానెడు దూరంనుండి పలుచగా, కొంత వ్యవధి ఇచ్చి పొర వెంట పొరగా చల్లాలి. ఒకేసారి మందంగా చల్లితే కారి ధారలు కడుతుంది. కోస్తా జిల్లాలలో ముసురు పట్టిన రోజున ఈ పని పెట్టుకోరాదు. తేమ చేరిన పూత పాలిపోయి తెల్లబడుతుంది. ప్లాస్టిక్ భాగాలకు ప్రైమరు వేరు.

పెట్రోలు ట్యాంకు సంగతి వేరు. మామూలు స్ప్రే రంగును పెట్రోలు కరిగిస్తుంది. మూత చుట్టూ నాలుగు చుక్కలు ఒలికితే చాలు, పడిన శ్రమంతా జిగురుగా మారుతుంది. పెట్రోలుకు తట్టుకొనేది గట్టిపరచే ద్రవం కలిపి వాడే రెండు పాళ్ల పాలియురిథేను పూత. ఆ ద్రవంలో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. వాటి తుంపరలను పీల్చినవారికి ఉబ్బసం రావచ్చు. ఒకసారి శరీరానికి అవి పడకుండా పోతే, ఆ తరువాత లేశమాత్రం సోకినా ఆయాసం వస్తుంది. ముఖానికి కట్టుకొన్న చేతిరుమాలు వాటిని ఆపలేదు. స్వచ్ఛమైన గాలిని గొట్టం ద్వారా అందించే ముసుగు కావాలి. డాబా మీదనో, వసారాలోనో ఈ పూతను చల్లబూనడం సాహసం కాదు, అవివేకం. ఖాళీ ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఆవిరి నిండు ట్యాంకుకంటె ప్రమాదకరమన్న సంగతి కూడా మరువరాదు.

అందుచేత ట్యాంకును నిపుణునికి అప్పగించడమే మేలు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఈ విద్యలో ఆరితేరినవారు ఉన్నారు. బేరమాడేముందు అడుగవలసినవి వేరే ఉన్నాయి. పాత రంగును పూర్తిగా తీస్తారా, దానిమీదనే వేస్తారా? సొట్టను లోపలినుండి ఎత్తుతారా, పుట్టీతో నింపుతారా? మందంగా పెట్టిన పుట్టీ బండి అదురుకు కొన్నాళ్లలో బీటలిస్తుంది. లోహపు రజను కలిసిన మెటాలిక్ రంగులతో మరొక చిక్కు. చల్లే దూరాన్నిబట్టి ఆ రజను పడుకొనే తీరు మారుతుంది కాబట్టి మచ్చవరకే వేస్తే అతుకు బయటపడుతుంది. ఆ భాగమంతా వేయించక తప్పదు. పనివాడు ముసుగు ధరిస్తాడా అన్నది కూడా అడుగవలసిన ప్రశ్నే. అతని ఊపిరిని పణంగా పెట్టి తగ్గించిన ధర చౌక అనిపించుకోదు.

తండ్రి నడిపిన బండి కుమారుని చేతికి వచ్చినప్పుడు లెక్క మారుతుంది. మోకాళ్ల ఒరిపిడికి అరిగిన ఆ రెండు చోట్లు కొందరికి లోపం, కొందరికి జ్ఞాపకం. జ్ఞాపకమనుకొనేవారు తుప్పును మాత్రం తొలగించి, ఉన్న రంగుపైనే క్లియర్ కోటు వేయించుకోవచ్చు. పాత బుల్లెట్ బండ్ల విషయంలో ఈ విచారణ మరీ అవసరం. మద్రాసు సమీపాన తిరువొత్తియూరు కర్మాగారంలో ఆ ట్యాంకులపై బంగారు గీతలను కుంచెతో చేతిమీదుగా గీసేవారు. ఎమరీ కాగితం తగిలితే ఆ గీత తిరిగిరాదు. స్టిక్కరు అంటించవచ్చు, కాని కుంచె మొదలుపెట్టిన చోట, ముగించిన చోట కనిపించే చేతివాటం దానికి రాదు.

రంగునే మార్చదలచినవారికి మరొక బాధ్యత ఉంది. రిజిస్ట్రేషను పత్రంలో బండి రంగు కూడా నమోదై ఉంటుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆ పత్రంలోని వివరాలకు, బండికి పొంతన ఉండాలి. కనుక ఎర్ర బండిని నల్లగా చేయించేముందు రవాణా శాఖ కార్యాలయంలో విచారించి, మార్పును నమోదు చేయించాలి. ఛాసిస్ నంబరు చెక్కిన చోట పుట్టీ, రంగు నిండి అంకెలు కనబడకుండా పోరాదు.

పని ముగిసిన బండిని నీడలో కాక వెలుతురులో చూసి తీసుకోవాలి. పూత కొన్ని గంటలలోనే చేతికి అంటనంతగా ఆరుతుంది కాని, లోపల గట్టిపడడానికి రోజులు పడుతుంది. అంతవరకు మైనపు పాలిష్ పెట్టరాదు; ట్యాంకుకు రెక్సిన్ కవరు తొడగరాదు.