గుండెదడయు దాని మందులును

పరుగుపందెము ముగిసినపుడును, పరీక్షాపత్రము చేతి కందినపుడును గుండె దడదడ కొట్టుకొనుట మనమందరము ఎరిగినదే. ఇది రోగము కాదు. కొంతసేపు కూర్చుండిన నది తనంతట తానే శాంతించును. కాని యే కారణమును తోపక, కూర్చున్నచోటనే గుండె యకస్మాత్తుగా పరుగెత్తినయెడల దానిని విచారింపవలసి యున్నది.

మొదట నాడిని చూడుడు. బొటనవ్రేలి మొదట మణికట్టుపై రెండు వ్రేళ్లుంచి, గడియారము చూచుచు ఒక నిమిషము లెక్కింపుడు. పెద్దవారికి విశ్రాంతిలో 60 మొదలు 100 వరకు సాధారణము. పసిపిల్లలకు ఇంకను ఎక్కువ. దెబ్బలు క్రమముగా నున్నవా, తప్పుచున్నవా యని కూడ వ్రాసియుంచిన వైద్యునకు మిక్కిలి తోడ్పడును. దడ యుండగనే ఈ.సీ.జీ. తీయించిన మరియు మేలు.

దడకు కారణములు పెక్కు. రక్తహీనత, జ్వరము, థైరాయిడు గ్రంథి మితిమీరి పనిచేయుట, అధికమైన కాఫీ, భయము మున్నగువానియందు కారణమును తొలగించుటయే ముఖ్యచికిత్స. 1912లో మదనపల్లెయందు మిషనులు కలసి స్థాపించిన క్షయరోగ చికిత్సాలయమును, అనగా నేటి ఆరోగ్యవరమును, మనమెరుగుదుము. క్షయరోగికి జ్వరమువలన నాడి వడిగా కొట్టుకొనును. అతనికి గుండెమందు మాత్రమే యిచ్చిన ప్రయోజనమేమి? క్షయమునే కుదుర్పవలెను.

హృదయమునందే దోషమున్నపుడు తగిన మందులు కలవు. 1785లో విలియం విదరింగు అను ఆంగ్లవైద్యుడు ఫాక్స్‌గ్లోవ్ అను మొక్క యాకుల గుణమును గూర్చి గ్రంథము ప్రకటించెను. ఆ జాతి మొక్కనుండియే 1930లో డిగాక్సిన్ వేరుచేయబడెను. 1960 తరువాతి యేండ్లలో జేమ్సు బ్లాకు ప్రొప్రనలాల్ అను మందును కనుగొనెను. ఆయనకు 1988లో నోబెల్ బహుమానము లభించెను. ఇది గుండె వడిని తగ్గించును.

అయితే మందునకును విషమునకును నడుమ గోడ పలుచనిది. డిగాక్సిన్ మాత్రలో మందు మిల్లీగ్రామున నాలుగవ వంతుకు మించదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల పెరళ్లలో పూచు పచ్చగన్నేరునందును ఇట్టి పదార్థములే కలవు. అందెంత యున్నదో యెవ్వరు తూచగలరు? కావున దాని కాయను గాని ఆకును గాని నోట పెట్టుట ప్రాణాపాయము.

అట్లే అవ్వకు వ్రాసియిచ్చిన మాత్రను మనుమడు మ్రింగరాదు. వానికి ఉబ్బసమున్న ప్రొప్రనలాల్ ఊపిరి తిరుగకుండ చేయును. ఆ మందునే చిరకాలము వాడిన అవ్వ వైద్యుని యనుమతిలేక హఠాత్తుగా మానినను కీడే.

తలిదండ్రులకు ఒక్క మాట. 5 మొదలు 15 యేండ్ల పిల్లలకు గొంతునొప్పి వచ్చి తగ్గిన కొన్ని వారములకు జ్వరమును, కీళ్ల వాపును కనబడినచో అది రుమాటిక్ జ్వరము కావచ్చును. అది గుండె కవాటములను చెరచి, ముందు యేండ్లలో దడకు కారణమగును. దీనిని నివారించుటకు మూడు నాలుగు వారముల కొకమారు పెన్సిలిన్ సూదిమందు అనేక సంవత్సరములు వేయింపవలెను. బిడ్డ ఆడుకొనుచున్నాడు గదా యని, బస్సుఖర్చు దండుగ యని, దానిని మాన్పింపకుడని వేడుచున్నాము.

దడతో రొమ్మునొప్పియో, ఆయాసమో, మూర్ఛయో కలిగిన తెల్లవారువరకు వేచియుండక ఆసుపత్రికి కొనిపొండు.