వేలికొన మీద అక్షరం

ఉద్దేశం: మనిషి వాడే పనిముట్టు మనిషికి అనువుగా ఉండాలి. చేతిలో ఇమిడే ఫోను కూడా ఒక పనిముట్టే. అది మీట నుండి స్పర్శకు, స్పర్శ నుండి మాటకు ఎలా మారుతూ వచ్చిందో, ఆ మార్పులో తెలుగు అక్షరం ఎక్కడ నిలిచిందో, రాబోయే రోజులలో ఫోను రూపకల్పన ఎవరిని దృష్టిలో ఉంచుకోవాలో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పనిముట్టు – పట్టు

కొడవలికి పిడి ఉంటుంది. నాగలికి మేడి ఉంటుంది. కోసేది కొడవలి అంచు. దున్నేది నాగలి కర్రు. కాని మనిషి చేతికి తగిలేవి పిడి, మేడి. అవి సరిగా కుదరకపోతే ఎంత పదునైన పనిముట్టయినా చేతిని నొప్పిస్తుంది. యంత్రానికీ మనిషికీ మధ్య ఉండే ఇటువంటి పట్టునే సాంకేతిక పరిభాషలో ‘ఇంటర్‌ఫేస్’ అంటారు. ఫోనుకు ఉండే మీటలు, తెర, తెరపై కనిపించే బొమ్మలు, దాని నుండి వినిపించే ధ్వనులు అన్నీ కలిసి దాని ఇంటర్‌ఫేస్ అవుతాయి. ఫోను లోపల ఎంత శక్తి ఉన్నా, ఆ శక్తి ఎవరికి అందుతుందో నిర్ణయించేది ఈ పట్టే.

మీటల కాలం

1973 ఏప్రిల్ 3న న్యూయార్కు నగరంలో మోటరోలా సంస్థకు చెందిన మార్టిన్ కూపర్ అనే ఇంజనీరు చేతిలో పట్టుకొనే ఫోనుతో తొలిసారి మాట్లాడారు. ఆ ఫోను బరువు కిలోకు పైగా ఉండేది. భారతదేశంలో 1995 జూలై 31న నాటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుండి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. దానితో మన దేశంలో సెల్‌ఫోను యుగం మొదలైంది.

తొలినాటి ఫోనులు మాట కోసం పుట్టినవే గాని రాత కోసం పుట్టినవి కావు. అంకెల మీటలపైనే మూడేసి, నాలుగేసి ఆంగ్లాక్షరాలను సర్దారు. ‘సి’ అనే అక్షరం కావాలంటే రెండవ అంకె మీటను మూడుసార్లు నొక్కవలసి వచ్చేది. ఇరవై ఆరు అక్షరాల భాషకే ఇంత శ్రమ అయితే, యాభై ఆరు అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు గల తెలుగు మాట చెప్పనక్కరలేదు.

అందువల్ల చాలామంది తెలుగువారు తెలుగు మాటలను ఆంగ్లాక్షరాలలో రాయడం మొదలుపెట్టారు. అవసరానికి అది పనికివచ్చింది. కాని ‘కె, ఎ, ఎల్, ఎ, ఎమ్’ అని రాస్తే అది కలమో కాలమో చదివేవారే ఊహించుకోవాలి. హ్రస్వదీర్ఘాల భేదం, ళకార లకారాల భేదం ఆ రాతలో పోతాయి. పట్టు సరిగా లేని పనిముట్టు చేతిని మాత్రమే కాదు, భాషను కూడా నొప్పిస్తుందనడానికి ఇది ఒక ఉదాహరణ.

స్పర్శ యుగం

వేలితో తాకితే పనిచేసే తెరను గురించి బ్రిటన్‌లోని రాడార్ పరిశోధన సంస్థలో ఇ. ఎ. జాన్సన్ 1965లోనే వివరించారు. విమానాల రాకపోకలను నియంత్రించేవారికి అది ఉపయోగపడాలన్నది ఆయన ఆలోచన. 2007లో ఆపిల్ సంస్థ ఐఫోనును విడుదల చేసిన తరువాత స్పర్శతెర సామాన్యుల చేతిలోకి వేగంగా వచ్చింది.

ఈ తెర పనిచేసే విధం సులభంగా గ్రహించవచ్చు. గాజు కింద కంటికి కనబడని సన్నని విద్యుద్వాహక పూత ఉంటుంది. మానవ శరీరం కూడా విద్యుద్వాహకమే. వేలు తగలగానే ఆ చోట విద్యుదావేశంలో స్వల్పమైన మార్పు కలుగుతుంది. ఆ మార్పు ఎక్కడ కలిగిందో లెక్కించి, వేలు ఏ బొమ్మను తాకిందో ఫోను తెలుసుకొంటుంది. గోటితో నొక్కినప్పుడు, మామూలు గుడ్డ తొడుగు వేసుకొని తాకినప్పుడు తెర స్పందించకపోవడానికి కారణం ఇదే.

స్పర్శతెర వల్ల తెలుగుకు గొప్ప మేలు జరిగింది. ఇనుప అచ్చులా మీటపై స్థిరంగా ఉండే అక్షరానికి బదులు, కావలసినప్పుడు కనిపించి, అక్కరలేనప్పుడు తొలగే అక్షరం వచ్చింది. కొన్ని కీబోర్డులలో ‘క’ను తాకితే ‘కా, కి, కీ’ అని గుణింతం వరుసగా ఎదుట నిలుస్తుంది. పలక మీద దిద్దిన గుణింతమే తెర మీదికి వచ్చిందన్నమాట.

అక్షరం వెనుక అంకె

అయితే తెరపై అక్షరం కనబడాలంటే ముందు యంత్రానికి ఆ అక్షరం తెలియాలి. యంత్రానికి తెలిసినవి అంకెలు మాత్రమే. అందుకే ప్రపంచంలోని లిపులలో ప్రతి అక్షరానికి ఒక సంఖ్యను కేటాయించే ‘యూనికోడ్’ అనే ఏర్పాటు జరిగింది. 1991లో వెలువడిన దాని మొదటి రూపంలోనే తెలుగుకు స్థానం లభించింది. ‘స్త్రీ’ అన్నది మనకు ఒకే అక్షరం. యంత్రానికి మాత్రం అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ గుడి అనే ఆరు సంకేతాల వరుస. ఆ ఆరింటినీ కూర్చి ఒత్తును కింద, గుడిని పైన సరిగా నిలపడం యంత్రం పని.

ఈ పని ఎంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో లోకానికి తెలిసింది. ‘జ్ఞా’ అనే అక్షరాన్ని, మధ్యలో కంటికి కనబడని ఒక సంకేతంతో కలిపి పంపితే, దానిని చూపబోయిన ఐఫోనులలో సందేశాల వంటి కార్యక్రమాలు ఉన్నట్టుండి ఆగిపోయాయి. తెలుగు తెలియని దేశాలలో కూడా ఈ వార్త వ్యాపించింది. ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ సవరణను విడుదల చేసింది. ‘జ్ఞానం’ అనే మాటకు మొదటి అక్షరమే ఆ యంత్రాలను ఆపింది! తప్పు అక్షరానిది కాదు. ఆ అక్షరం అన్ని విధాలుగా ఎలా రావచ్చునో ముందే పరీక్షించి చూడకపోవడమే లోపం.

ఇటువంటి లోపాలు చిన్నవిగా నేటికీ కనిపిస్తాయి. ఆంగ్లాక్షరం ఎత్తును బట్టి బటన్ గీస్తే, అందులో తెలుగు ఒత్తులు తెగిపోతాయి. రెండు వరుసల మధ్య చోటు చాలకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతుంది. మొదట ఆంగ్లానికి ఇల్లు కట్టి, తరువాత తెలుగును అందులో సర్దుకోమనడం వల్ల కలిగే ఇబ్బంది ఇది.

అందరికీ అందే రూపకల్పన

1954లో అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ ఒక సూత్రాన్ని ప్రతిపాదించారు. చేయి ఒక గురిని చేరడానికి పట్టే కాలం ఆ గురి ఎంత దూరంలో ఉన్నది, ఎంత పెద్దది అనే రెండింటిపై ఆధారపడుతుంది. గురి దగ్గరగా, పెద్దగా ఉంటే చేయి త్వరగా చేరుతుంది. దూరంగా, చిన్నగా ఉంటే ఆలస్యమవుతుంది. ఫోను రూపకర్తలకు నేటికీ ఇది పునాది సూత్రం. తెరపై తాకవలసిన చోటు దాదాపు 9 మిల్లీమీటర్లు ఉండాలని ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. వణికే వేళ్లు గల వృద్ధులకు, పనితో మొద్దుబారిన వేళ్లు గల శ్రామికులకు అంతకంటె పెద్దదే మేలు.

నునుపైన గాజుపలకపై చూపులేనివారికి ఏమి తెలుస్తుంది? ఈ ప్రశ్నకు 2009లో ఒక సమాధానం వచ్చింది. వేలు తగిలిన చోట ఏమున్నదో ఫోనే చదివి చెప్పే ఏర్పాటును ఆ ఏడాది ఐఫోనులో చేర్చారు. ఆండ్రాయిడ్ ఫోనులకు కూడా అటువంటి సాధనం వచ్చింది. కొందరి కోసం చేసిన ఏర్పాటు అందరికీ ఉపకరించడం రూపకల్పనలో తరచు జరుగుతుంది. ఫోను చేత సందేశాన్ని చదివించుకొని వినే అలవాటు నేడు చూపున్నవారికీ ఉంది.

మాట యుగం

రాబోయే కాలంలో ఫోనుతో జరిగే వ్యవహారం ఎక్కువగా మాటతోనే సాగే సూచనలు కనిపిస్తున్నాయి. మనిషి పలికిన ధ్వనిని ఫోను అతి సూక్ష్మమైన తునకలుగా విభజిస్తుంది. అంతకుముందు వేలాది గంటల సంభాషణల నుండి నేర్చుకొన్న పోలికలతో సరిచూసి, ఏ మాట అయి ఉంటుందో అంచనా వేస్తుంది. అంటే, తాను విన్న గొంతులనే అది బాగా గుర్తుపడుతుంది. వినని యాస దానికి పరాయిది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వెలుపల తరతరాలుగా నివసిస్తున్న తెలుగువారికి ఈ విషయం ముఖ్యమైనది. హోసూరు తెలుగులో తమిళ, కన్నడ పదాలు, బరంపురం తెలుగులో ఒడియా పదాలు, షోలాపూరు నేతపనివారి తెలుగులో మరాఠీ పదాలు సహజంగా కలుస్తాయి. ఒకే వాక్యంలో రెండు భాషలు పలకడం అక్కడ వింత కాదు. వార్తలు చదివేవారి తెలుగును మాత్రమే విని పెరిగిన ఫోను ఈ మాటలను తప్పుగా రాస్తుంది. అప్పుడు ఇంట్లోని అవ్వ తన తెలుగులోనే ఏదో లోపముందని అనుకొని మాట మానుకొనే ప్రమాదం ఉంది. నిజానికి లోపం ఆమెది కాదు. ఆమె గొంతును విననివారిది.

ఈ కొరతను తీర్చే ప్రయత్నాలు జరుగుతున్నాయి. భారత ప్రభుత్వం భారతీయ భాషల సాంకేతికత కోసం ‘భాషిణి’ని 2022 జూలైలో ప్రారంభించింది. ఐఐటీ మద్రాసులోని ‘ఏఐ4భారత్’ పరిశోధకులు 22 భాషలలో, అనేక జిల్లాల ప్రజల సహజమైన మాటలను సేకరించారు. యంత్రానికి గురువులు కావలసినవారు పండితులు మాత్రమే కాదు. పొలంలో, మగ్గం దగ్గర, సంతలో మాట్లాడే ప్రతివారూ దానికి గురువులే.

పట్టులో పొంచిన మోసం

మేలు చేసే సూత్రంతోనే కీడు కూడా చేయవచ్చు. ‘సరే’ అనే బటన్‌ను పెద్దగా, రంగుగా చేసి, ‘వద్దు’ అనేదానిని చిన్నగా ఒక మూలన దాచితే వేలు ఎటు పోతుందో ఫిట్స్ సూత్రమే చెబుతుంది. ఇటువంటి మాయ రూపకల్పనలను అరికట్టడానికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో మార్గదర్శకాలు జారీచేసి, 13 రకాల మోసపు పద్ధతులను పేర్కొన్నది. అర్థంకాని భాషలో అడిగిన అనుమతికి ‘సరే’ అనడం, చదవని కాగితంపై వేలిముద్ర వేయడంతో సమానం. కాబట్టి అనుమతి అడిగే మాట వాడేవారి భాషలో ఉండడం మర్యాద మాత్రమే కాదు, వారి హక్కు కూడా.

అక్షరంతో ఇక పనిలేదా?

మాటతోనే పని జరిగితే అక్షరాలు నేర్చుకోవడం ఎందుకని కొందరు ప్రశ్నించవచ్చు. చదువురాని వారికి మాట ఒక తలుపు తెరిచిన మాట నిజమే. కాని ఫోను ‘కాలం’ అన్నదానిని ‘కలం’ అని రాస్తే, అది తప్పని గుర్తించి దిద్దగలిగేది చదవగలిగినవారే. ఎరువుల మోతాదు, మందుల వేళ, పంపవలసిన సొమ్ము వంటి విషయాలలో ఒక్క అక్షరం తేడా వచ్చినా నష్టం కలుగుతుంది. పలికినదానిని యంత్రం రాస్తుంది. రాసినది సరియైనదో కాదో తేల్చవలసినది మనిషి. అందువల్ల మాట యుగంలో అక్షరానికి పని తగ్గదు. దాని బాధ్యత పెరుగుతుంది.

రేపటి ఫోను మడతపడవచ్చు, కళ్లజోడులో ఇమడవచ్చు, తెర లేకుండానే పలకవచ్చు. దాని ఆకారం ఏదైనా కావచ్చు. అవ్వ గొంతును అది వినగలగాలి. ఒత్తు తెగకుండా చూపగలగాలి. ‘వద్దు’ అని చెప్పే వీలును దాచకుండా ఉంచాలి. ఈ మూడూ ఉన్న పట్టే మంచి పట్టు. అటువంటి పట్టును రూపొందించేవారిలో తెలుగు రాయగలిగిన, తమ ఊరి తెలుగును గౌరవించే విద్యార్థులు కూడా ఉండాలి.

పదాలు – అర్థాలు

మేడి = నాగలిని పట్టుకొనే పిడి
కర్రు = భూమిని చీల్చే నాగలి మొన
విద్యుద్వాహకం = విద్యుత్తును తన గుండా పోనిచ్చేది
గురి = లక్ష్యం
యాస = ఒక ప్రాంతపు పలుకుబడి తీరు
మోతాదు = పరిమాణం

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు రెండు మూడు వాక్యాలలో జవాబులు రాయండి.
1. ఇంటర్‌ఫేస్‌ను నాగలి మేడితో ఎందుకు పోల్చారు?
2. గోటితో తాకితే స్పర్శతెర ఎందుకు స్పందించదు?
3. ‘స్త్రీ’ అనే అక్షరాన్ని యంత్రం ఎలా గ్రహిస్తుంది?

ఆ. కింది ప్రశ్నలకు పది వాక్యాలలో జవాబులు రాయండి.
1. ‘మాట యుగంలో అక్షరం బాధ్యత పెరుగుతుంది.’ ఈ వాక్యాన్ని ఉదాహరణలతో సమర్థించండి.
2. ఫిట్స్ సూత్రం మేలుకూ కీడుకూ ఎలా ఉపయోగపడగలదో వివరించండి.

ఇ. కింది పదాలను విడదీసి, సంధి పేరు రాయండి.
1. పనిముట్టయినా 2. ఆంగ్లాక్షరాలు 3. విద్యుద్వాహకం

ఈ. చేసి చూడండి.
1. మీ ఇంట్లోని పెద్దవారు ఫోను వాడేటప్పుడు పక్కన కూర్చోండి. వారి వేలు ఎక్కడెక్కడ ఆగిపోయిందో రాసుకోండి. ప్రతి చోటా ఏ మార్పు చేస్తే వారికి సులభమవుతుందో తరగతిలో చెప్పండి.
2. మీ ఇంటి తెలుగులో వాడే పది మాటలను ఫోనుకు చెప్పి రాయించండి. అది తప్పుగా రాసిన మాటలను దిద్ది, వాటి అర్థాలతో పట్టిక తయారుచేయండి.