వెన్నెముక మీద చెయ్యి వెయ్యాలంటే ఏం చదవాలి?

చల్లపల్లి చుట్టుపక్కల నడుం నొప్పికి కొదవ లేదు. నాట్లప్పుడు పొద్దస్తమానం వంగి ఉండే ఆడవాళ్లు, 75 కిలోల ధాన్యం బస్తా భుజానికెత్తుకునే ముఠా కూలీలు, విజయవాడకు రోజూ బైకు మీద వెళ్లొచ్చే కుర్రాళ్లు, అందరిదీ అదే బాధ. నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత తన్నించుకోవడం మన పల్లెల్లో పాత అలవాటు. ఇప్పుడు ఫోన్లలో వెన్నెముకను చేత్తో సరిచేసే కైరోప్రాక్టిక్ వీడియోలు వచ్చాయి. మెడ ఒక్కసారి తిప్పగానే టక్కుమంటుంది, రోగి నవ్వుతూ లేస్తాడు. అవి చూసి ఆ చదువు గురించి అడిగే ఇంటర్ విద్యార్థులకు మొదట ఉన్న సంగతి చెప్పాలి.

అంతర్జాతీయ గుర్తింపు ఉన్న కైరోప్రాక్టిక్ కళాశాల మన దేశంలో లేదు. ఎంబీబీఎస్ చదివినవాళ్లకు ఉన్నట్టు ఈ వృత్తికంటూ ప్రత్యేక రిజిస్టరూ లేదు. ఈ ఖాళీలోకే రెండు మూడు రోజుల వర్క్‌షాపులు, గోడకు తగిలించుకునే సర్టిఫికెట్లు దూరాయి. వాటిని నమ్మి ఫీజు కట్టకండి.

అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి.పామర్ 1895లో ఈ పద్ధతిని మొదలుపెట్టాడు. రెండేళ్లకే బడి కూడా తెరిచాడు. ఇవాళ అక్కడ ‘డాక్టర్ ఆఫ్ కైరోప్రాక్టిక్’ కావాలంటే డిగ్రీ స్థాయిలో కనీసం 90 సెమిస్టర్ క్రెడిట్లు, ఆపైన సుమారు నాలుగేళ్ల కోర్సు, నేషనల్ బోర్డు పరీక్షలు, పని చేయబోయే రాష్ట్రం ఇచ్చే లైసెన్సు కావాలి. చాలాచోట్ల ట్యూషన్ ఫీజే లక్ష డాలర్లు దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఇచ్చిన మార్గదర్శకాలు కొత్తగా చేరేవారికి కనీసం 4,200 గంటల బోధన ఉండాలన్నాయి. అందులో కనీసం వెయ్యి గంటలు అనుభవజ్ఞుల పర్యవేక్షణలో రోగుల దగ్గర గడపాలి.

అన్ని గంటలెందుకు? మెడ తిప్పడం కొద్ది రోజుల్లో పట్టుబడవచ్చు. ఎవరి మెడ తిప్పకూడదో తెలుసుకోవడానికే ఏళ్లు పడుతుంది. నడుం నొప్పి అంటూ వచ్చిన మనిషికి వెన్నెముక క్షయ ఉండవచ్చు. మన దేశంలో ఈ అనుమానం ఎప్పుడూ మనసులో ఉండాలి. వయసు పైబడిన స్త్రీకి ఎముకలు గుల్లబారి ఉండవచ్చు, వేరేచోట మొదలైన క్యాన్సర్ వెన్నుకు పాకి ఉండవచ్చు. కాళ్లు బలహీనపడి మూత్రం ఆగిపోతే అది అత్యవసర శస్త్రచికిత్స కేసు, ఒక్క గంట కూడా ఆలస్యం చేయకూడదు. మెడను బలంగా తిప్పాక రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలు అరుదే అయినా వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అందుకే శరీర నిర్మాణం, నాడీ పరీక్ష, ఎక్స్‌రే చదవడం ఈ చదువుకు వెన్నుదన్ను. ఇక ఆ టక్కుమనే శబ్దం కీలులోని ద్రవంలో వాయుబుడగ ఏర్పడినప్పుడు వచ్చేదేగానీ, పక్కకు తప్పుకున్న ఎముక తిరిగి చోటుకు చేరిన చప్పుడు కాదు. నడుం నొప్పికి ఈ చికిత్స కొంత ఉపశమనం ఇస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి, అదీ ఇతర చికిత్సలకు దాదాపు సమానంగా. ఉబ్బసం లాంటి జబ్బులు కూడా తగ్గిస్తామనేవారి మాటకు ఆధారం లేదు.

మన పిల్లలకు నేను చూపించే దారి ఫిజియోథెరపీ. ఇంటర్లో బైపీసీ తీసుకుని, 1986లో విజయవాడలో ఏర్పడిన ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలలో ఫిజియోథెరపీ డిగ్రీ, అంటే బీపీటీ చేయవచ్చు. ఇన్నాళ్లూ అది ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌తో నాలుగున్నరేళ్ల కోర్సు. అనుబంధ ఆరోగ్య వృత్తుల 2021 చట్టంతో వచ్చిన జాతీయ కమిషన్ 2025లో విడుదల చేసిన పాఠ్యప్రణాళికలో ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్లయింది. ప్రవేశ నిబంధనలూ మారుతున్నాయి కనుక సీనియర్లు చెప్పింది విని ఊరుకోకుండా, ఆ ఏటి నోటిఫికేషన్ స్వయంగా చదవండి. తర్వాత రెండేళ్ల పీజీ కోర్సు ఎంపీటీలో ఆర్థోపెడిక్స్ గానీ స్పోర్ట్స్ గానీ ఎంచుకుంటే కీళ్లను చేత్తో సరిచేసే మాన్యువల్ థెరపీ లోతుగా నేర్చుకోవచ్చు. ప్రకృతి వైద్యం మీద మక్కువ ఉన్నవారికి బీఎన్‌వైఎస్ డిగ్రీ ఉంది.

బీపీటీ పూర్తయ్యాక కూడా కైరోప్రాక్టిక్ మీదే మనసుంటే అప్పుడు విదేశం వెళ్లండి. అమెరికా ఒక్కటే కాదు, మలేసియాలో కౌలాలంపూర్‌లోని ఐఎంయూ విశ్వవిద్యాలయంలో కైరోప్రాక్టిక్ డిగ్రీ ఉంది. బ్రిటన్‌లో ఈ వృత్తికి 1994లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. తిరిగొచ్చాక ఆ పట్టా ఒక్కటే చేతిలో ఉంటే ఇక్కడ నిలదొక్కుకోవడం కష్టం. బీపీటీ ఉంటే ఆసుపత్రి ఉద్యోగానికీ సొంత క్లినిక్‌కీ ఆధారం ఉంటుంది.

ఏ కోర్సుకైనా అడ్వాన్సు కట్టేముందు మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు అడగండి. గుర్తింపు ఇచ్చింది ఎవరు? రోగుల దగ్గర పర్యవేక్షణలో ఎన్ని గంటల శిక్షణ ఉంటుంది? ఈ పట్టాతో ఏ దేశంలో లైసెన్సు పరీక్షకు కూర్చోవచ్చు? జవాబు నోటిమాటగానే ఉంటే అమ్మానాన్నల డబ్బు అక్కడ పెట్టకండి.