భార్య దుఃఖము, భర్త ఓదార్పు

పాఠ్యభాగము: 1 సమూయేలు 1:1–23

ప్రియులారా, షిలోహులో బలి దినమున ఎల్కానా హన్నాకు రెట్టింపు పాలిచ్చెను. అయినను ఆమె ముద్ద ముట్టక ఏడ్చుచుండెను. ఎల్కానా గమనించి కారణమడిగెను. మనలో ఎందరు భర్తలము, భార్య పస్తున్నదో తిన్నదో ఎరుగుదుము?

అయితే ఆయన జవాబు కొరకు ఆగలేదు. కుమారులు లేకున్ననేమి, తాను లేడా అన్నట్లు ఓదార్చబోయెను. సవతి పెనిన్నా ఏటేట ఆమెను విసికించుచుండెను. ఇద్దరిని ఒకే యింట ఉంచినవాడు తానే. ఆ దుఃఖములో తన పాలెంతో ఆయన తలచినట్లు కనబడదు. హన్నా లేచి దేవుని సన్నిధికి పోయి మొరపెట్టుకొనెను.

తన మనస్సును, ఎదుటివారి మనస్సును గుర్తెరిగి తదనుగుణముగా నడచుకొను నేర్పును 1990లో సలోవే, మేయర్ అను అమెరికా పండితులు భావోద్వేగ ప్రజ్ఞయను పేరున వివరించిరి. ఎల్కానా చూచుట నేర్చెను గాని, వినుట అప్పటికి నేర్వలేదు.

తరువాత నేర్చెను. బిడ్డ పాలు విడుచువరకు ఇంటనే యుందునని హన్నా చెప్పగా, ఆమెకు తోచినట్లే చేయుమనెను. ఈసారి తన గొప్ప చెప్పుకొనలేదు.

కాబట్టి పొయ్యియొద్ద మౌనముగానున్న భార్యను భర్త, పొలమునుండి చిరాకుగా వచ్చిన భర్తను భార్య, ఏమైనదని అడుగవలెను, అడిగి ఊరకుండవలెను. ఓదార్పుకంటె ముందు ఆలకింపు. యాకోబు 1:19 మనకు నేర్పునది ఇదే గదా! ప్రభువు మన గృహములకు వినుచెవి ననుగ్రహించును గాక. ఆమేన్.